చిత్తకార్తె రాకముందే

సంపాదకులకు నమస్కారం.

వీధికుక్కల గురించి మీ పత్రికలో వచ్చే వార్తలు, ఉత్తరాలు వదలకుండా చదివేవాడిని. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ చుట్టుపక్కల వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది. పదకొండు రోజులకు, ఆగస్టు 22న, దాన్ని మార్చి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి టీకా వేసి పట్టినచోటే వదలమంది. పిచ్చి పట్టినవాటిని, మీదపడి కరిచేవాటిని మాత్రం వదలొద్దంది. మళ్లీ నవంబరులో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల ఆవరణల్లోంచి తీసేయమంది. తీర్పు వచ్చిన ప్రతిసారీ కుక్కల పక్షాన కొందరు, పిల్లల పక్షాన కొందరు ఉత్తరాలు రాశారు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును వీధికుక్కలు కరిచి చంపడం టీవీలో చూశాక మూడు రోజులు అన్నం సహించలేదు నాకు. పిల్లల పక్షాన రాసినవాళ్లను నేను తప్పుపట్టలేను.

కానీ ఈ కుక్కలు వీధిలోకి ఎక్కణ్నుంచి వచ్చాయని అడిగిన ఉత్తరం నాకు కనిపించలేదు. అన్నిటి సంగతీ నాకు తెలియదు. రెండిటి సంగతి తెలుసు. వాటిని వీధిలో వదిలినవాణ్ణి నేనే.

మాది తెనాలి. ఆర్టీసీలో కండక్టరుగా చేసి 2019లో రిటైరయ్యాను. ఎక్కువ కాలం తెనాలి–విజయవాడ రూట్లోనే, దుగ్గిరాల, మంగళగిరి మీదుగా తిరిగాను. 2009లో కనుమ వెళ్లిన రెండు మూడు రోజులకు, పండగకు వచ్చిన జనమంతా తిరుగు ప్రయాణంలో ఉన్నప్పుడు, ఒకావిడ గోనెసంచితో బస్సెక్కింది. సంచి కాళ్ల మధ్య పెట్టుకుని వెనక డోరు దగ్గర కూర్చుంది. లగేజీ ఏమిటమ్మా అంటే చిలగడదుంపలంది. దుగ్గిరాల రాబోతుంటే ఆ చిలగడదుంపలు కుయ్యిమన్నాయి.

మూతి విప్పిస్తే నాలుగు కుక్కపిల్లలు. నెల వయసుంటుందేమో. నాలుగూ ఆడవే.

బస్సంతా వింటుండగా ఆవిణ్ణి తిట్టాను. నీ పిల్లల్ని ఇలాగే సంచిలో కట్టి పారేస్తావా అన్నాను. ఆవిడ ఎదురు మాట్లాడలేదు. "ఆరు పెట్టింది అన్నాయ్. మగవి రెండూ అడిగి మరీ పట్టుకెళ్లారు. ఆడదాన్ని ఎవరు తీసుకుంటారు చెప్పు? పసుపు యార్డు కాడ హోటళ్లున్నాయి గదా, నాలుగు మెతుకులు దొరుకుతాయని తీసుకెళ్తన్నా" అంది. అన్నిటికంటే చిన్నదాన్ని, గోధుమరంగులో ఉండి తోక చివర తెల్లమచ్చ ఉన్నదాన్ని, నేను తీసుకున్నాను. తువ్వాల్లో చుట్టి టికెట్ల సంచి పక్కన పెట్టుకున్నాను. మిగతా మూడిటితో ఆవిడ యార్డు దగ్గర దిగిపోయింది. ఒకదాన్ని కాపాడానన్న సంతోషంలో ఆ మూడిటి గురించి ఆలోచించలేదు.

మా ఆవిడ దానికి చిట్టి అని పేరు పెట్టింది. పది నెలలకు చిట్టి ఎదకు వచ్చింది. అప్పటికి ఆపరేషన్ సంగతి నాకు తెలియక కాదు. మున్సిపాలిటీ బండి వచ్చి వీధికుక్కల్ని పట్టుకెళ్లి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తుందని అందరికీ తెలిసిందే. అది వీధికుక్కలకు, ఇంట్లో కుక్కకు ఎందుకని అనుకున్నాను. పైగా మా అమ్మ, "ఒక్క కాన్పయినా కాకుండా కడుపు తీయించేస్తారా, పాపం తగుల్తుంది" అంది. గోడ దూకి వచ్చే కుక్కల్ని కర్ర పుచ్చుకుని కాపలా కాశాం. మేం కాశామనుకున్నాం.

చిత్తకార్తె కుక్కలని తిట్టుగా వాడతాం. ఆ తిట్టు వెనక పెద్దవాళ్లు చూసి కట్టిన లెక్క ఉంది. మన వైపు చాలా కుక్కలు వానలు వెనకబట్టాక, చిత్తకార్తె వచ్చే అక్టోబరు ప్రాంతంలో జతకడతాయి. చూడికాలం రమారమి 63 రోజులు. అంటే ధనుర్మాసపు ముగ్గుల రోజుల్లో పిల్లలు పెడతాయి. ఆ పిల్లలు కళ్లు తెరిచి, తల్లిపాలు చాలక ఇల్లంతా తిరిగి, ఇంట్లోవాళ్లకు బరువయ్యేసరికి సంక్రాంతి దాటుతుంది. నా బస్సులోకి ఆ సంచి జనవరిలోనే ఎందుకెక్కిందో నాకు ఏడాది తిరిగాక అర్థమైంది.

చిట్టి ఏడు పెట్టింది. రెండు మగ, ఐదు ఆడ. మగవాటిని పదిరోజులు తిరక్కుండానే బేరం లేకుండా రాయించుకున్నారు, ఒకటి డిపో మెకానిక్కు, ఒకటి మా వీధి చివర మాంసం కొట్టు అతను. ఆడవాటిలో ఒకదాన్ని పాలాయన తీసుకున్నాడు. రెండు పార్వో అనే వైరస్ జబ్బు వచ్చి నెత్తురు విరేచనాలతో రెండు రోజుల్లో పోయాయి. చివరికి రెండు మిగిలాయి. అప్పుడు మేం అద్దెకుండేవాళ్లం. ఇంటాయన నెలాఖరు గడువు పెట్టాడు.

జనవరి చివర్లో రాత్రి ఆఖరి ట్రిప్పుకు వాటిని బిగ్‌షాపర్ సంచిలో పెట్టుకుని డ్యూటీ ఎక్కాను. మంగళగిరి దాటాక హైవే పక్కన ఒక టిఫిను హోటలుంటే అక్కడ టీకి ఆపించాను. హోటలు వెనక దింపి, బిస్కెట్ పాకెట్ విప్పి పోశాను. బిస్కెట్ల మీదపడి అవి నన్ను చూడలేదు. బస్సెక్కి రైట్ కొట్టాను. ఇంట్లో డిపో దగ్గర ఎవరో అడిగి తీసుకున్నారని చెప్పాను. మొన్న ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నప్పుడే మా ఆవిడకు అసలు సంగతి చెప్పాను. చాలాసేపు ఆమె ఏమీ మాట్లాడలేదు.

అదే రూట్లో రోజూ తిరిగేవాణ్ణి కాబట్టి వాటిని చూడక తప్పేది కాదు. ఒకటి వారం తర్వాత కనపడలేదు. రెండోది పెరిగింది. తల్లిలాగే తోక చివర తెల్లమచ్చ. ఏడాది తిరిగాక, మళ్లీ సంక్రాంతి రోజుల్లోనే, హోటలు పక్క కాలవగట్టు మీద ఐదు పిల్లలతో కనిపించింది, పక్కటెముకలు లెక్కపెట్టేలా. ఆ ఐదింటిలో ఆడవెన్నో, అవి ఎన్ని పెట్టాయో నాకు తెలియదు. కొట్టిన ప్రతి టికెట్టుకూ పైసాతో సహా లెక్క అప్పజెప్పినవాణ్ణి, ఈ లెక్క మాత్రం అప్పజెప్పలేను.

నేను చెప్పాలనుకున్నది ఇదే. ఇళ్లల్లో పుట్టిన పిల్లల్లో మగవి ఇళ్లకు పోతున్నాయి, ఆడవి రోడ్డు మీదికి పోతున్నాయి. అంటే పిల్లలు పెట్టేవాటినే ఏరి మరీ వీధిలోకి పంపుతున్నాం. మున్సిపాలిటీ ఎన్ని కుక్కల్ని పట్టి ఆపరేషన్ చేసినా మన గుమ్మాల్లోంచి ఏటా కొత్తవి దిగుతూనే ఉంటాయి. ముందు డోరు నుంచి దింపుతుంటే వెనక డోరు నుంచి ఎక్కుతూనే ఉన్న బస్సు ఎప్పటికి ఖాళీ అవుతుంది?

ఇది దయ ఉన్నవాళ్లకు చెప్పే సలహా మాత్రమే కాదు, రూలు కూడా. కేంద్రం 2023లో తెచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల్లో వీధి జంతువులకు ఆపరేషన్, టీకాల బాధ్యత స్థానిక సంస్థలదనీ, పెంపుడు జంతువులకు నట్టల మందు, టీకాలు, ఆపరేషన్ల బాధ్యత పెంచుకునేవాళ్లదనీ విడివిడిగా రాశారు. మొదటి సగం గురించి మనం మున్సిపల్ ఆఫీసుల ముందు ధర్నాలు చేస్తాం. రెండో సగం మన ఇంటికి సంబంధించింది కాబట్టి ఊసెత్తం. జంతువును ఆకలిదప్పులకు వదిలేయడం 1960 నాటి చట్టం ప్రకారం నేరం. మొదటిసారి పట్టుబడితే జరిమానా 10 నుంచి 50 రూపాయలు. నా బస్సులో టికెట్ లేకుండా దొరికినవాడు అంతకంటే ఎక్కువే కట్టేవాడు. ఆ అంకెను మార్చమని కూడా మీ పత్రిక అడగాలి.

ఇక చిట్టి సంగతి. ఆ కాన్పు తర్వాత కూడా నాకు బుద్ధి రాలేదు. ఆపరేషన్ ఖర్చు, టెన్షన్ ఎందుకని, ఎద రాకుండా ఇంజెక్షన్ ఉందని ఒకాయన చెబితే ఏటా వేయించాను. చవక, ఐదు నిమిషాల పని. నిజంగానే ఎద ఆగేది. 2016లో చిట్టికి ఎనిమిదేళ్లు. వానాకాలం చివర ఇంజెక్షన్ వేయించాం. నవంబరు నెలాఖరుకు నీళ్లు విపరీతంగా తాగడం మొదలుపెట్టింది. గిన్నె నింపడం, ఖాళీ చేయడం. తిండి మానేసింది, పచ్చగా కక్కుకుంది, కడుపు ఉబ్బింది. అరగలేదేమోనని మజ్జిగ పోశాం. నాలుగో రోజున లేవలేకపోతే ఆటోలో వేసుకుని గుంటూరు తీసుకెళ్లాం.

స్కానింగ్ చేసి గర్భసంచి నిండా చీము పట్టిందన్నారు. పయోమెట్రా అంటారట. ఎద వెళ్లిన నెలా రెండు నెలల్లో ఎక్కువగా వస్తుందట, నడివయసు దాటిన ఆడకుక్కలకు మరీ. కొన్నిటికి చీము బయటికి కారుతుంది కాబట్టి ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది. చిట్టికి గర్భసంచి మూతి మూసుకుపోయి చుక్క కూడా బయటికి రాలేదు. ఎద ఆపే హార్మోన్ ఇంజెక్షన్ల వల్ల ఈ ముప్పు పెరుగుతుందని, ఎన్ని వేయించారని డాక్టరుగారు అడిగారు. ఆరేళ్లుగా అన్నాను. ఆమె రాసుకున్నారు, ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేది.

పెద్దనోట్లు రద్దయిన రోజులవి. చేతిలో చెల్లే డబ్బు లేదు. డబ్బు తర్వాత ఇద్దురుగాని అని రాత్రికి రాత్రి ఆపరేషన్ చేశారు. బయటికి తీసిన గర్భసంచి ట్రేలో పెట్టి చూపించారు. కుక్క గర్భసంచి రెండు గొట్టాలుగా ఉంటుందట, మామూలుగా అవి పెన్సిలంత సన్నగా ఉంటాయట. చిట్టివి బాగా పండిన అరటిపళ్లలా ఉన్నాయి. రెండు రోజులు సెలైన్ మీద ఉంది. విషం అప్పటికే కిడ్నీలకు పాకింది. మూడో రోజు తెల్లవారుజామున పోయింది. ఏడేళ్ల కిందట ఆ గర్భసంచి తీయించేసి ఉంటే ఈ జబ్బు పట్టడానికి లోపల చోటే ఉండేది కాదు. మొదటి ఎదకు ముందో, ఆ దగ్గర్లోనో చేయిస్తే రొమ్ము గడ్డల ముప్పు కూడా బాగా తగ్గుతుందని తర్వాత తెలిసింది.

మీ పాఠకుల్లో ఆడకుక్క ఉన్నవాళ్లకు ఒక్క మాట. ఎద వెళ్లిన కొన్ని వారాలకు అది నీళ్లు ఎక్కువ తాగుతూ తిండి మానేస్తే మజ్జిగ పోస్తూ కూర్చోకండి. ఆ రోజే తీసుకెళ్లండి.

కరోనా లాక్‌డౌన్‌లో మా వంటింటి కిటికీలోంచి ఒక పిల్లిపిల్ల వచ్చింది. బుజ్జి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు కదా, తిప్పడంలో ఇది మా ఇంట్లో జారిపోయినట్టుంది. ఆడదని తెలియగానే ఈసారి నేనే గుంటూరు ఫోన్ చేశాను. పిల్లి సంగతి కుక్కకంటే తొందర. నాలుగైదు నెలలకే ఎదకు రావచ్చు, జతకట్టకపోతే రెండు మూడు వారాలకు మళ్లీ మళ్లీ వస్తుంది, పాలిస్తుండగానే మళ్లీ చూలు నిలబడవచ్చు. రాత్రిళ్లు పసిబిడ్డలా ఏడుస్తోందని చీపురు విసిరేవాళ్లకు అది ఎదకు వచ్చిందని తెలియదు.

ఆపరేషన్ ఎలా ఉంటుందో చెప్తే కొందరికైనా భయం పోతుంది. ముందు రక్తపరీక్ష చేశారు. డాక్టరు చెప్పిన టైము నుంచి తిండి పెట్టలేదు. పొద్దున పదింటికి లోపలికి తీసుకెళ్లారు. మత్తిచ్చి, పొట్ట మీద కొంచెం మేర బొచ్చు గొరిగి, అండాశయాలూ గర్భసంచీ తీసేశారు. మధ్యాహ్నానికి కళ్లు తెరిచింది. సాయంత్రం బుట్టలో ఇంటికి తెచ్చాం. ఆ రాత్రి తూలుతూ నడిచింది, మర్నాడు పాలకూ చేపకూ అరిచింది. కుట్లు నాక్కుండా మెడకు ప్లాస్టిక్ గరాటా ఇస్తే అది పెట్టుకోనివ్వలేదు. మా ఆవిడ నా పాత బనీను చెయ్యి కత్తిరించి, నాలుగు కాళ్లకు కన్నాలు పెట్టి చొక్కా కుట్టింది. పన్నెండో రోజున కుట్లు విప్పారు. మందులతో కలిపి నాకు నాలుగున్నర వేలు అయింది. చిట్టి ఆఖరి మూడు రోజులకు దానికి నాలుగు రెట్లు పైన అయింది.

మత్తు అన్నాక ఎంతో కొంత ప్రమాదం ఉంటుంది. లేదని నేననను. అందుకే రక్తపరీక్ష చేసేచోట, అనుభవమున్న డాక్టరు దగ్గర చేయించాలి. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్ లాంటి పెద్ద జాతులకు ఎముకలు, కీళ్లు ఎదిగేదాకా ఆగమంటారు. హైదరాబాద్ మియాపూర్‌లో మా అబ్బాయి లాబ్రడార్ పెంచుతాడు, మగది. డాక్టరు చెప్పినట్టు ఏడాదిన్నర దాటాక చేయించాడు. చేసిన రోజునుంచే పనైపోయినట్టు కాదని, నెలపాటు ఆడకుక్కల దగ్గరికి పోనివ్వొద్దని చెప్పి పంపారట. మగకుక్కకు ఎందుకనేవాళ్లు ఉన్నారు. ఆడకుక్క ఒక్కటే పిల్లల్ని కనదు కదా. జతకట్టినప్పుడు ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే గడ్డల జబ్బు కూడా ఉంది, వీధిలో తిరిగొచ్చే మగకుక్కల్లో చూస్తుంటారు.

లావైపోతుందంటారు. అవుతుంది, మునుపటంత పెడితే. తిండి కొంచెం తగ్గించి తిప్పితే సరిపోతుంది. కాపలా కాయదంటారు. మా అబ్బాయి కుక్కను చూసి కొరియర్ కుర్రాడు ఇప్పటికీ లిఫ్ట్ దగ్గరే ఆగుతాడు. వీధికుక్కలకు లాగా చెవి కత్తిరిస్తారేమోనని మా మరదలు భయపడింది. ఆ గుర్తు వీధికుక్కకు, మళ్లీ పట్టుకుపోకుండా. ఇంట్లోవాటికి కత్తిరించరు.

ఇక పాపం మాట. మా నాన్నది వ్యవసాయం. మా చిన్నప్పుడు కోడెకు విత్తులు కొట్టించి ఎద్దును చేసేవారు, మత్తు లేదు, సూది లేదు. నలుగురు కింద పడేసి పట్టుకునేవాళ్లు. ఆ అరుపు ఊరి చివరికి వినపడేది. దాన్ని ఎవరూ పాపమనలేదు, మనకు దున్నే ఎద్దు కావాలి కాబట్టి. మత్తిచ్చి, నొప్పి తెలియకుండా, ఆ జంతువు మేలు కోసం చేసేదాన్ని పాపమంటున్నాం. రాత్రిపూట హోటలు వెనక రెండు పసికూనల్ని వదిలి రైట్ కొట్టానే, అది పాపం. మా అమ్మ బతికుంటే ఆమెకూ ఇదే చెప్పేవాణ్ణి, కాళ్లు పట్టుకునైనా ఒప్పించేవాణ్ణి.

ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే జూలై 6 వస్తోంది. 1885లో అదే రోజున పాశ్చర్ కుక్క కరిచిన పిల్లవాడికి రేబిస్ టీకా వేశాడని ఏటా ఆ రోజున జూనోసిస్ దినం, అంటే జంతువుల నుంచి మనుషులకు అంటుకునే జబ్బుల గురించి చెప్పే దినం, జరుపుతారు. పశువుల ఆసుపత్రుల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తారు. ఊళ్లో కుక్కలు పెంచే ఇంతమంది ఒకచోట లైను కట్టే రోజు ఏడాదిలో అరుదు. పశుసంవర్ధక శాఖ అధికారులకు నా మనవి, ఆ రోజున టీకాల బల్ల పక్కనే ఇంకో బల్ల వేయండి. ఆపరేషన్ కాని కుక్క, పిల్లి ఎవరెవరికి ఉన్నాయో పేరు, ఫోన్ నంబరు రాసుకోండి. ముందు ఆడవాటికి తేదీలివ్వండి. సర్జరీ చేయగల డాక్టరు, మత్తుమందు, కుట్ల సామాను ఉన్న ఆసుపత్రిలో వారానికి ఒక పూట పెంపుడు జంతువులకే కేటాయించండి. ఎంతవుతుందో గోడ మీద రాయండి. చాలామంది వెనకాడేది డబ్బుకు కాదు, ఎంత అడుగుతారో తెలియక. తెల్లకార్డు ఉన్నవాళ్లకు ఉచితంగా చేస్తే నా బస్సెక్కిన ఆవిడలాంటి వాళ్లకు సంచి పట్టే అవసరం రాదు. జూలై నుంచి మొదలుపెడితే అక్టోబరు లోపల మూడు నెలల టైము ఉంటుంది.

మీకూ ఒక మనవి. మీ పత్రికలో రాశిఫలాల పక్కన ఏ కార్తె ఎప్పుడు ప్రవేశిస్తుందో వేస్తుంటారు. చిత్తకార్తెకు నెల ముందు, అదేచోట, ఇంట్లో కుక్కకు ఆపరేషన్ చేయించారా అని ఒక్క లైను వేయండి. రైతులు కార్తె చూసి విత్తనం సిద్ధం చేసుకున్నట్టు మేమూ చూసుకుంటాం.

ఆరో తారీఖు పొద్దున్నే మా బుజ్జిని బుట్టలో పెట్టుకుని మా ఊరి పశువుల ఆసుపత్రి లైనులో ఉంటాను. పిల్లికీ రేబిస్ టీకా కావాలి కదా. పొట్ట మీద కుట్టు జాగా చూడాలనుకునేవాళ్లు రావచ్చు, ఇప్పుడు అక్కడ బొచ్చు తప్ప ఏమీ కనపడదు. ఖర్చులు, ఏం పెట్టాలి, ఎన్ని రోజులు చూసుకోవాలి, అన్నీ చెప్తాను. మా ఆవిడ బనీను చొక్కా కొలతలు ఇస్తానంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టరు,
తెనాలి